లెఫ్టినెంటు జేమ్స్ రీస్ యూరప్: ఒక సైనిక వాద్యనాయకుని స్మరణము

(హుస్సేనీ ఆలమునందు సమావేశమైన మన కులసంఘ వార్షిక మహాసభలో గావింపబడిన ఉపన్యాసము)

   

మహాసభ సందర్భమున మనవారికి ఉపయుక్తమగు విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. వారి ఆజ్ఞను శిరసావహించితిని. అయితే నేను చెప్పబోవునది మన కులమువాని చరిత్రము కాదు, మన దేశమువాని చరిత్రమును గాదు. నలుబది యేండ్లు నిండకమునుపే 1919వ సంవత్సరమున అకాలమరణము నొందిన ఒక అమెరికా సైనిక వాద్యనాయకుని చరిత్రము. అతని పేరు జేమ్స్ రీస్ యూరప్. సన్నాయియు డోలును కులవృత్తిగా గల మనకు సముద్రముల కావల నుండినవానితో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. చరిత్రమంతయు విన్నపిమ్మట ఆ సందేహము మీకే తీరునని నా నమ్మకము.

మనము కూడియున్న ఈ పేట పాతబస్తీలోనిది. చార్మినారు ఇక్కడికి నడచిపోదగిన దూరమున నున్నది. ఈ నగరమున రాచరికము సాగినంతకాలము వాద్యము లేని సైన్యము లేదు, నగారా లేని కొలువు లేదు. నౌబత్ పహాడను కొండకు ఆ పేరు వచ్చినది నౌబత్తు మ్రోతవలననే గదా! నిజాముల సైన్యమున ఆఫ్రికాఖండమునుండి వచ్చిన సిద్దీలు అశ్వికదళముగా నుండిరి. ఆ దళము వసించిన పేటను నేటికిని ఏ.సీ. గార్డ్సు అనియే పిలుచుచున్నాము. ఆ సిద్దీలును, బార్కసునందలి అరబ్బులును తమతో దెచ్చిన మర్ఫా వాద్యము సైనికుల వాద్యమే. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట ఆ దళము రద్దయ్యెను గాని, మర్ఫా మాత్రము హిందువుల పెండ్లి యనక, ముసల్మానుల పెండ్లి యనక బరాతుల ముందు మ్రోగుచునే యున్నది. గుఱ్ఱము ముందు మర్ఫా, మండపమున మన సన్నాయి. ఇది ఈ నగరపు పెండ్లి.

వాద్యము నిలిచినది, సంతోషమే. కాని నౌబత్తు మ్రోగించిన చేతుల పేర్లు ఆ కొండకు దక్కలేదు. మన పల్లెలలో ముహూర్తవేళ సన్నాయి పట్టిన పెద్దల పేర్లును వారి మనుమలతోనే అంతరించుచున్నవి. విద్య మిగిలి, విద్వాంసుడు మరుగుపడుట మన వృత్తికి పట్టిన శాపమువలె నున్నది. ఈ శాపము తీరుటకు ఏమి కావలయునో యూరప్ జీవితము మిక్కిలి స్పష్టముగా చెప్పుచున్నది. అందుచేతనే దానిని ఎన్నుకొంటిని.

యూరప్ 1880 ప్రాంతమున అమెరికా దక్షిణభాగమందలి అలబామా రాష్ట్రమున మోబీల్ పట్టణమున నల్లజాతి కుటుంబమున జన్మించెను. ఆ దేశమున బానిసత్వము రద్దయి అప్పటికి పదునైదేండ్లకన్న నెక్కువ కాలేదు. చట్టము మారినను మనసులు మారలేదు. నల్లవారికి వేరు బడి, వేరు బండి, వేరు భోజనశాల. అట్టి కాలమున ఆ యింట సంగీతము మాత్రము సమృద్ధిగా నుండెను. తల్లియే అతనికి మొదటి గురువు. బాలునికి పదియేండ్లు వచ్చునప్పటికి కుటుంబము వాషింగ్టను నగరమునకు తరలిపోయెను. అక్కడ అమెరికా నౌకాసైనిక వాద్యబృందమునకు చెందిన ఎన్రికో హుర్లీ అను విద్వాంసుడు అతనికి వయొలిను నేర్పెను. ఈ విధముగా సైనిక వాద్యపు క్రమశిక్షణ బాల్యమందే అతని చెవికి సోకెను.

20వ శతాబ్ది ఆరంభమున యౌవనవంతుడై న్యూయార్కు చేరెను. నల్లజాతి నాటక సమాజములకు సంగీతదర్శకుడై పేరు గడించెను. అయితే ఆ నగరమున వాద్యకారుల స్థితి యెట్లుండెనో వినుడు. గొప్ప హోటళ్లలోను, ధనికుల యిండ్లలోను విందు జరిగినప్పుడు నల్లవారిని వడ్డనకో పాత్రలు తోముటకో కూలికి కుదుర్చుకొందురు. పని ముగిసినపిమ్మట పాడుమందురు, వాయింపుమందురు. సంగీతమునకు వేరుగ వేతనము లేదు. ఎవడైన జాలిదలచి విసరిన చిల్లరయే ప్రతిఫలము. విందుకు వన్నె తెచ్చినది వాద్యము, వాద్యకారునికి దక్కినది ఎంగిలి గిన్నె.

సోదరులారా! పెండ్లిలో మంగళసూత్రధారణ మన మేళము లేక జరుగదు. కాని విస్తరులు వేయునప్పుడు మేళగాండ్ర పంక్తి ఎక్కడిదో, ఎప్పటిదో మీకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి ఆ న్యూయార్కు వాద్యకారుల బాధ మనకు అన్యము కాదు.

ఆ బాధను జూచి యూరప్ కేవలము విలపించి యూరకుండలేదు. 1910వ సంవత్సరమున తోటివారిని గూర్చుకొని క్లెఫ్ క్లబ్బు అను సంఘమును స్థాపించి, దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. క్లెఫ్ అనగా పాశ్చాత్యుల స్వరలిపిలో పంక్తి మొదట వ్రాయు గుర్తు. 53వ వీథిలో ఒక ఇల్లు సంఘమునకు స్థావరమయ్యెను. వాద్యకారులు కావలసినవారు ఎవరైనను ఆ కార్యాలయమునకు కబురంపవలెను. ఎందరు కావలెను, ఏయే వాద్యములు కావలెను, వేతనమెంత, దారి ఖర్చు లెవరివి, భోజన వసతులేవి అను సంగతులు ముందుగనే తేలవలెను. గిన్నెలు తోముట యను మాట ఒప్పందములో నుండదు. ఇటువైపు వాద్యకారునికిని నియమములు గలవు. చెప్పిన వేళకు రావలెను, చక్కని దుస్తులు ధరింపవలెను, సభామర్యాద పాటింపవలెను. గౌరవము నడిగినవాడు గౌరవార్హముగ మెలగవలెనని యూరప్ పట్టుదల. కొలదికాలములోనే న్యూయార్కు ధనికుల విందులకు క్లెఫ్ క్లబ్బువారు లేనిదే శోభ లేదను ప్రతీతి కలిగెను.

1912వ సంవత్సరము మే నెల 2వ తేదీని ఆ సంఘమువారు కార్నెగీ హాలునందు కచేరీ చేసిరి. అమెరికాలో విద్వాంసులకు అంతకుమించిన వేదిక లేదు. ఇంచుమించు 125 మంది వాద్యకారులు, మాండొలినులు, బాంజోలు, 10 పియానోలు! నల్లజాతి బాలబాలికలకు సంగీతము నేర్పు పాఠశాలయొక్క సహాయార్థము ఆ కచేరీ జరిగెను. అనగా సంఘమునకు లభించిన మొదటి గొప్ప గౌరవమును వారు పిల్లల విద్యకు ధారపోసిరన్నమాట.

ఇందులో ఒక విచిత్రము గలదు. యూరప్ సహచరుడగు యూబీ బ్లేక్ అను పియానో విద్వాంసుడు పిమ్మట చెప్పిన సంగతి యిది. ఆ వాద్యకారులు స్వరలిపిని చక్కగా చదువగలరు. అయినను కచేరీకి ముందు అభ్యాసము చేసి, పత్రములను ఇంటనే విడిచి, కంఠస్థముగ వాయించెడివారట. ఏలనగా, ఈ జాతికి సంగీతము చదువు లేకయే పుట్టుకతో వచ్చునని నమ్ముట శ్రోతలకు ఇష్టము. చదువుకొన్నవాడని తెలిసిన వారి సంతోషము చెడును! మన విషయమునను ఈ మాట తఱచుగ వినబడును. "వారికేమి, రక్తములోనే యున్నది" అందురు. మెప్పువలె తోచు ఈ మాట వెనుక, తెల్లవారుజామున లేచి చేసిన సాధనయంతయు మాయమగుచున్నది. మనకు విద్య వచ్చినది రక్తమువలన గాదు, గురువు పెట్టిన చీవాట్లవలనను, ఊపిరి బిగబట్టి చేసిన సాధకమువలనను వచ్చినది.

యూరప్ చరిత్రమున సంఘీయులు మఱువరాని ఘట్టమొకటి కలదు. 1913వ సంవత్సరాంతమున అంతఃకలహముల కారణమున అతడు తాను స్థాపించిన క్లెఫ్ క్లబ్బును విడిచి, టెంపో క్లబ్బను మఱియొక సంఘమును పెట్టవలసివచ్చెను. ఆ దినములలోనే వెర్నన్ కాజిల్, ఐరీన్ కాజిల్ అను నర్తక దంపతులకు వాద్యసహకార మొసగి, ఫాక్సుట్రాట్ అను నాట్యము ప్రబలుటకు కారకుడయ్యెను. విక్టరు గ్రామఫోను కంపెనీవారు అతని బృందముచేత రికార్డులు చేయించిరి. ఒక నల్లజాతి వాద్యబృందమునకు పెద్ద కంపెనీ అట్టి ఒప్పంద మిచ్చుట అప్పటికి మిక్కిలి అరుదు.

ఇక సైనికజీవితము. 1916వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రమున 15వ పదాతిదళమను పేర నల్లవారి పటాలమొకటి ఏర్పడెను. ధనమును కీర్తియు గలిగిన యూరప్ అందులో చేరెను. హార్లెము పేటయందలి తనవారికి ఇట్టి బలమైన సంస్థ అవసరమని అతని యూహ. అతడు వాద్యమునకుగాక యుద్ధమునకే చేరి, పరీక్షలో నెగ్గి లెఫ్టినెంటయ్యెను. దళాధిపతియగు కర్నల్ విలియం హేవర్డు అతనిని పిలిచి, పటాలమునకు దేశములోకెల్ల మేలైన బ్యాండు కావలెననెను. ప్రభుత్వ నిబంధన ప్రకారము బ్యాండునకు 28 మందియే. 44 మంది యైన లేనిదే నావలన గాదని యూరప్ పలికెను. హేవర్డు డేనియలు రీడ్ అను ధనికుని ఆశ్రయింపగా ఆయన 10,000 డాలర్లు ఇచ్చెను. పోషకులారా! కళను పోషించుట యనగా చప్పట్లు కొట్టుట మాత్రమే కాదనుటకు ఇది నిదర్శనము.

క్లారినెట్టు మొదలగు పీకవాద్యములకు తగినవారు న్యూయార్కున చాలకపోగా, యూరప్ ఓడనెక్కి పోర్టోరికో ద్వీపమునకు పోయి అక్కడి విద్వాంసులను గొనివచ్చెను. ఆ వచ్చినవారిలో ఒకడగు రఫాయెల్ హెర్నాండెజ్ తరువాతికాలమున ఆ ద్వీపమునకంతకు పేరెన్నికగన్న వాగ్గేయకారుడయ్యెను. నోబుల్ సిసిల్ అను మిత్రుడు డ్రమ్ మేజరయ్యెను.

1917 అక్టోబరులో ఆ పటాలమును శిక్షణకై దక్షిణమందలి స్పార్టన్‌బర్గునకు పంపిరి. అక్కడి పట్టణవాసులకు నల్లసైనికులు వచ్చుట ఇష్టములేదు. ఒకనాడు వార్తాపత్రిక కొనుటకై సిసిల్ ఒక హోటలులో ప్రవేశించెను. టోపీ తీయలేదను నెపమున యజమానుడు అతని తలపైని టోపీ నెగురగొట్టి, అతనిని తన్ని వెడలగొట్టెను. ఈ వార్త వినిన సైనికులు క్రోధావేశమున హోటలుపై బడిరి. అప్పుడు యూరప్ లోపలికి వచ్చి ఆజ్ఞ యిచ్చి వారిని ఆపి, బారుగా బయటికి నడిపించెను. ఆ క్షణమున ఒక్క దెబ్బ పడినను నేరము ఆ పటాలముమీదనే యుండెడిది, వారి యాశలన్నియు ఆనాటితో ముగిసెడివి. కోపమును అణచుకొనుట పిరికితనము కాదు. ఎవరి కోపమునకు ఎవరు మూల్యము చెల్లింతురో ఎరుగుట నాయకుని లక్షణము.

అంతకుముందే న్యూయార్కున "ఇంద్రధనుస్సు" దళమను పేర బయలుదేరిన సేనకు గొప్ప వీడ్కోలు ఊరేగింపు జరిగెను. అందు తమకును చోటిండని ఈ పటాలమువారు కోరగా, ఇంద్రధనుస్సులో నలుపు లేదని ప్రత్యుత్తరము వచ్చెనందురు. వీడ్కోలు లేకయే వారు ఓడ యెక్కిరి.

1918వ సంవత్సరము జనవరి 1వ తేదీని బ్రెస్టు రేవున దిగగానే బ్యాండు ఫ్రాన్సు జాతీయగీతమును వాయించెను. ఆ నడకయు ఆ గమకమును క్రొత్తవగుటచే, అది తమ గీతమేయని ఫ్రెంచివారికి కొంతసేపు తెలియలేదట. గుర్తింపగానే అందరును నిటారుగ నిలిచి వందనము చేసిరి. అటుపిమ్మట గ్రామములలోను, ఆసుపత్రులలోను, ఎక్స్-లే-బాఁ విశ్రాంతి స్థలమునను బ్యాండు వాయించెను. పారిసున ఒక ఫ్రెంచి వాద్యనాయకుడు స్వరపత్రము నడిగి తీసుకొని, తన బృందముచేత వాయింపజేసి, ఆ శబ్దము రాకపోగా, మీ వాద్యములందేదో మర్మమున్నదని వాటిని పరీక్షింపజేసెనని యూరప్ తానే చెప్పియున్నాడు. మర్మము లోహమున లేదు, నాలుక కొట్టు తీరునను, ఊపిరి నొక్కు స్థానమునను గలదు. సన్నాయి పీకను నోటబెట్టిన మనవారికి ఈ సంగతి వేరుగ వివరింపనక్కరలేదు.

ఆ పటాలమునకు 369వ పదాతిదళమని సంఖ్య మారినది. నల్లవారితో కలిసి పోరాడుటకు స్వదేశసేనలు సమ్మతింపనందున వారిని ఫ్రెంచి సైన్యమున కప్పగించిరి. ఫ్రెంచి శిరస్త్రాణములు ధరించి, ఫ్రెంచి తుపాకులు పట్టి, 191 దినములు వారు ముందువరుస కందకములలో నిలిచిరి. పటాలమంతటికిని ఫ్రెంచి ప్రభుత్వము క్రోయి ద గేర్ అను శౌర్యపతకము నొసగెను. యూరప్ తాళపుకఱ్ఱను పక్కనబెట్టి మరతుపాకుల దళమున అధికారియై కందకములలోనికి దిగెను. ఆ యుద్ధమున సేనను నడిపించి రణరంగమున నిలిచిన తొలి నల్లజాతి అమెరికా అధికారులలో అతడొకడు. 1918 జూనులో విషవాయువు సోకి ఆసుపత్రి పాలయ్యెను. ఆ మంచముమీదనే, రాత్రివేళ ఇరుసేనల నడిమి బయలులో గస్తీ తిరుగుటను గూర్చి ఒక పాట కట్టెను.

1919వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీని పటాలము న్యూయార్కునకు తిరిగివచ్చి, ఫిఫ్త్ అవెన్యూ రాజవీథిని కవాతు చేసెను. పోవునాడు చోటులేదనిన నగరము వచ్చునాడు ఇరుప్రక్కల నిలిచి జయజయధ్వానములు చేసెను. ముందు నడచినది యూరప్ బ్యాండు. హార్లెము చేరువరకు గంభీరమైన సైనికగీతములు, హార్లెము చేరగానే తమవారికి ప్రియమైన పాటలు! ఆ వసంతమున పాథే కంపెనీకి ఆ బ్యాండు అనేక రికార్డులు ఇచ్చెను. పిమ్మట దేశపర్యటన ప్రారంభమయ్యెను.

ఇక చెప్పవలసినది దుఃఖవార్త. 1919 మే 9వ తేదీ రాత్రి బోస్టను నగరమున మెకానిక్సు హాలునందు కచేరీ. విరామసమయమున హెర్బర్టు రైట్ అను డోలువాయిద్యగాడు నాయకుని గదిలోనికి వచ్చెను. ప్రదర్శన మధ్యమున వేదిక విడిచి పోవుచున్నావని యూరప్ అతనిని మందలించియుండెను. తనకు అన్యాయము జరుగుచున్నదని అతని మొఱ. మాట మాట పెరిగి, అతడు చిన్న కలము చాకుతో నాయకుని మెడపై పొడిచెను. గాయము స్వల్పమేయని అందరును తలచిరి. మఱునాటి ఉదయపు కార్యక్రమమును గూర్చి సిసిల్‌తో చెప్పి, కచేరీ సాగింపుమని యూరప్ ఆసుపత్రికి పోయెను. కొన్ని గంటలలోనే ప్రాణములు విడిచెను. జర్మను ఫిరంగులు చంపలేదు, విషవాయువు చంపలేదు. తన మేళములోని డోలుగాని చేతిలో, తన కచేరీ నడుమ ఆ వీరుడు కూలెను.

మే 13వ తేదీని న్యూయార్కు నగరము అతనికి బహిరంగముగా అంత్యయాత్ర జరిపెను. ఆ నగరమున నల్లజాతివానికి అట్టి గౌరవము జరుగుట అదియే మొదటిసారియని వ్రాసిరి. వాషింగ్టను చేరువ ఆర్లింగ్టను వీరభూమియందు అతనిని సైనికమర్యాదలతో ఖననము చేసిరి. సిసిల్, బ్లేక్ మిత్రద్వయము 1921లో పాటలు కూర్చిన నాటకము న్యూయార్కు రంగస్థలముపై జయభేరి మ్రోగించెను. 2021వ సంవత్సరమున ఆ పటాలమునకు అమెరికా శాసనసభ స్వర్ణపతకము నొసగ శాసనము చేసెను. మరణించి నూఱేండ్లు దాటినను అతని రికార్డులు వినబడుచునే యున్నవి.

మహాజనులారా! ఈ చరిత్రమునుండి మన సంఘము గ్రహింపవలసిన సంగతులు కొన్ని విన్నవించెదను.

మొదటిది, ఒప్పందము. మేళము కుదుర్చునప్పుడు బయానా పుచ్చుకొని మాటమీద పోవుట మన అలవాటు. ఎన్ని గంటలు, ఎందరు, ఎంత, బండికూలి యెవరిది, భోజనమెప్పుడు అను అంశములు అచ్చువేసిన ఒక్క కాగితముపై నుండినచో కలహములు చాలవరకు తీరును. ఆ కాగితమును సంఘమే అచ్చువేయింపవచ్చును. ధర తగ్గించి తోటి మేళము పొట్టగొట్టువానికి సంఘమే బుద్ధి చెప్పవలెను.

రెండవది, విద్య. పిల్లలకు సన్నాయి నేర్పుదుము గాని స్వరము వ్రాయుట నేర్పము. యూరప్ బృందమువారికి చదువుండియు దాచుకొనవలసిన దుర్గతి పట్టెను. మనకు ఆ నిర్బంధము లేదు. కావున మన పిల్లవాడు బడిచదువును, స్వరలిపియు రెండును నేర్చి, పత్రము చేతబట్టియే వేదిక యెక్కుగాక!

మూడవది, స్మృతి. యూరప్ పేరు నిలిచినది అతడు గొప్పవాడైనందున మాత్రమే కాదు. రికార్డులుండెను, సంఘపు పుస్తకములుండెను, సహచరులు వ్రాసిన జ్ఞాపకములుండెను. నేడు ప్రతి యింటను చేతిలో ఇముడు యంత్రమే రికార్డు చేయుచున్నది. మన పెద్దలు జీవించియుండగానే వారి సన్నాయిని, డోలును, వారి పేరుతో, ఊరిపేరుతో, గురువుపేరుతో గూడ భద్రపఱపవలెను. ఈ సంచికలో ఏటేట ఆ సంవత్సరము గతించిన వాద్యకారుల పేర్లు అచ్చువేయింపుడని సంపాదకులను ప్రార్థించుచున్నాను.

నాలుగవది, అన్నిటికంటె కష్టమైనది. రెండు సంఘములను స్థాపించి, వేయిమందిని ఆకట్టుకొన్న నాయకుడు తన మేళములోని ఒక్కని మనోవ్యథ ఆ రాత్రి ఎంత ముదిరినదో కనుగొనలేకపోయెను. హంతకుని చర్యకు సమర్థన లేదు, న్యాయస్థానము అతనిని దండించెను. అయినను ఆ మరణము మనకు హెచ్చరిక. మేళమున ముందు కూర్చున్నవానికి శాలువా, వెనుక శ్రుతి పట్టినవానికి మౌనము దక్కుచున్న చోట పగ పుట్టకమానదు. కడపటివాని మొఱను గూడ విను ఏర్పాటు ప్రతి మేళమునను, ముందుగా మన సంఘమునను ఉండవలెను. యూరప్ తన సంఘమును వీడవలసివచ్చినదియు అంతఃకలహమువలననే యని మఱువకుడు.

పోషకమహాశయులకు ఒక్క మనవి. మీ యింట శుభకార్యము జరుగునాడు మా మేళము వాయించి ముగించినపిమ్మట, వాయించినవాని పేరడుగుడు. సంభావనతోపాటు ఆ పేరును మీ జ్ఞాపకమున నుంచుకొనుడు. దానికి ఖర్చు లేదు గాని దానికి మించిన సత్కారమును లేదు.

ఎక్కడనో మోబీల్‌లో పుట్టి, ఆర్లింగ్టనులో నిద్రించుచున్న ఆ వాద్యవీరునికి ఈ హుస్సేనీ ఆలమునుండి సోదరభావముతో నమస్కరించుచున్నాను.  మన సంఘము దినదినాభివృద్ధి నొందుగాక!